పద్నాలుగు పాళ్ళ గాలి

ఆ ఇంట్లో వకుళ గీసిన మొదటి అగ్గిపుల్లకు తల మాత్రమే కాలింది. బుస్సుమని ఒక మెరుపు మెరిసి, పుల్లకు అంటుకోకముందే ఆరిపోయింది. రెండోదీ అంతే. మూడోది గీయబోతుంటే వెనక నుంచి ఆమె భర్త కామేశం, బిడ్డ మొదటి అడుగు వేసినప్పుడు తండ్రి నవ్వే నవ్వొకటి నవ్వాడు.

"పెట్టె మొత్తం గీసినా అంతే. ఈ గాలిలో నిప్పు పుట్టదు."

"పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. దేవుడి దగ్గర దీపం వెలక్కుండా చెయ్యడానికి ఇంత కష్టపడ్డ మగాణ్ణి మిమ్మల్నొక్కర్నే చూశాను" అంది వకుళ.

దీపం గురించి ఆమె వేసిన వెటకారం అదొక్కటే. ఎందుకంటే ఆ కష్టం ఎక్కడ మొదలైందో ఆమెకు తెలుసు. నాలుగేళ్ళ క్రితం వాళ్ళుండే అపార్ట్‌మెంటు సెల్లారులో చార్జింగుకి పెట్టిన స్కూటర్లు అంటుకున్నాయి. పొగ మెట్ల దారినే పైకొచ్చింది. మూడో అంతస్తులో నలుగురు పోయారు. రోజూ పొద్దున పేపరు ఇచ్చిపుచ్చుకునే మనుషులు. ఆ తర్వాత కామేశం ఏడాది పాటు సరిగ్గా పడుకోలేదు. పడుకోని ఇంజినీరు ఏదో ఒకటి తయారుచేస్తాడు. అతను జల్లెడ తయారుచేశాడు.

లారీ అంత జల్లెడ అది, మేడ మీద కూర్చుంటుంది. సన్నటి గొట్టాల కట్టల్లోంచి గాలిని తోసి, పిండిలోంచి పొట్టు తీసినట్టు కొంత ఆక్సిజన్ తీసేస్తుంది. మామూలు గాలిలో వంద పాళ్ళకి ఇరవై ఒక్క పాళ్ళు ఉండేది, ఇళ్ళలోకి వచ్చేసరికి పద్నాలుగే మిగులుతుంది. నిప్పుకి ఆ పద్నాలుగు చాలదు. మనిషికి చాలుతుందని కామేశం నమ్మకం. "బద్రీనాథ్‌లో జనం బతకడం లేదూ? ఆ గాలే మనింటికి వచ్చిందనుకో" అనేవాడు. బద్రీనాథ్ వెళ్ళినవాళ్ళు నాలుగు రోజుల్లో తిరిగొచ్చేస్తారన్న సంగతి వకుళకు అప్పట్లో తట్టలేదు.

విశాఖ శివార్లలో, సముద్రం కనిపించే కొండవాలు మీద ఒక కంపెనీ ఈ గాలి నింపి పది అంతస్తుల భవనం కట్టింది. నూట పన్నెండు ఇళ్ళు. శ్రావణంలో గృహప్రవేశాలకు ముహూర్తాలు కూడా పెట్టేసుకున్నారు. అంతకుముందు ముప్ఫై రోజుల పాటు పదహారు మంది ఆరోగ్యవంతులు అందులో ఉండి చూపించాలి. ఎనిమిది జంటల్ని పదో అంతస్తులో పెట్టారు. కనిపెట్టినవాడు గనక కామేశం మొదటి జంట. అతని తమ్ముడు గిరిధర్, మరదలు నీరజ రెండో జంట.

నీరజకు ఇరవై తొమ్మిదేళ్ళు. కాలేజీ రోజుల్లో ఎనిమిది వందల మీటర్ల పరుగులో రాష్ట్రస్థాయి దాకా వెళ్ళింది. పెళ్ళయ్యాక పోటీలు మానేసిందిగాని పరుగు మానలేదు. ఆమెను చూసి డాక్టర్ విశ్వపతి, ఆరోగ్యవంతులంటే ఇలా ఉండాలన్నట్టు తలాడించాడు.

పరీక్షలకు పెద్ద ఆయనే. మొదటి రోజున అందరి వీపుల మీదా చల్లటి జిగురు రాసి, చేతిలో పట్టే స్కానరు పక్కటెముకల మధ్య ఆనించి, తెర చూపించాడు.

"గాలి పల్చబడిందనుకోండమ్మా, ఊపిరితిత్తుల్లో సన్న రక్తనాళాలు బిగుసుకుంటాయి. గుండె ఇంకాస్త గట్టిగా తోస్తుంది. తోపు మరీ ఎక్కువైతే, కుండకి చెమర్చినట్టు లోపల నీరు చెమరుస్తుంది. ఆ నీరు ఈ తెర మీద తోకచుక్కల్లా మెరుస్తుంది. ఒకటీ అరా ఉంటే ఫర్వాలేదు. గుంపుగా కనిపిస్తే మాత్రం మనం మాట్లాడుకోవాలి."

ఆ రోజు ఎవరికీ ఒక్క చుక్కా లేదు. మళ్ళీ ముప్ఫయ్యో రోజున చూస్తానన్నాడు. ఈలోగా నర్సు గ్రేసు రోజూ పొద్దునా సాయంత్రం వేలికి క్లిప్పు పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూస్తుంది. ఆ అంకె వరసగా రెండుసార్లు ఎనభై అయిదుకి తగ్గితే మనిషిని కిందికి దింపేస్తారు.

ఇంకో నిబంధన ఉంది. ప్రతి ఇంట్లోనూ ఒకరు ఎప్పుడూ ఉండాలి. ఆ ఒకరెవరని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఎనిమిదిళ్ళలోనూ ఆ ఒకరు ఆడవాళ్ళే అయ్యారు. కాగితాల్లో మాత్రం అందరూ నివాసులే. నివాసి ఒకటి, నివాసి రెండు.

*

వారం గడిచేసరికి వకుళ కొత్తింటిని అర్థం చేసుకుంది. వంకాయ కాల్చి పచ్చడి చేసుకోలేని ఇల్లు అది. అగరొత్తి ముక్కుతూ మూలుగుతూ పావు వంతు కాలి ఊరుకుంటుంది. పప్పు మాత్రం కరెంటు పొయ్యి మీద ఎప్పటిలాగే ఉడుకుతుంది. ఉడకనిది మనిషే. బట్టలారేసి వచ్చి కుర్చీలో కూలబడాల్సి వస్తోంది. పొద్దున లేస్తే తల దిమ్ముగా ఉంటోంది. పరుపు మీద దుప్పటి మార్చడం ఇంత పెద్ద పనని ఆమెకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

తక్కిన ఇళ్ళవాళ్ళూ అదే మాట. కానీ డాక్టరు వచ్చి "ఎలా ఉందమ్మా?" అంటే ఎనిమిది మందీ పమిట సర్దుకుని "బాగానే ఉందండీ" అనేవారు. పరాయి మగాడు ఎలా ఉన్నావని అడిగితే బాగానే ఉన్నానని చెప్పాలని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నారాయె. ఆయన దాన్నే ముత్యంలా రాసుకునేవాడు.

తొమ్మిదో రోజున ఆషాఢం వచ్చింది. మూడో ఇంటావిడ గ్రేసుని బతిమాలి కింద తోటలోంచి సంచీడు గోరింటాకు తెప్పించింది. కాస్త చింతపండు వేసి మిక్సీలో రుబ్బి, ఎనిమిది మంది ఆడవాళ్ళూ వరండాలో కూర్చుని పెట్టుకున్నారు. అరచేతిలో చందమామ, వేళ్ళకు టోపీలు, పాదాలకు పారాణి. అంత హాయిగా ఆ గాలిలో వాళ్ళు నవ్వుకున్నది అదొక్క రోజే. మధ్యమధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుని మరీ నవ్వారు.

మర్నాడు పొద్దున గ్రేసు క్లిప్పు పెట్టింది. ఎనభై మూడు. ఎనభై రెండు. ఎనభై నాలుగు. నీరజది ఎనభై ఒకటి.

"ఏటమ్మా ఇది, అందరికీ ఒకేపాలి ఇలాగ దిగిపోనాది?" అంటూ గ్రేసు కిందికి పరిగెత్తింది. పది నిమిషాల తర్వాత నిమ్మళంగా తిరిగొచ్చింది. "ఏటీ కాదంటమ్మా. గోరింటాకంట. ఏలికి రంగుంటే మిషను తప్పు సెప్తాదంట. కంప్యూటర్లో ఆ వరస తీసేసినారు."

ఆ రోజు నుంచి ఎనిమిది మంది ఆడవాళ్ళ అంకెల పక్కనా 'గోరింటాకు దోషం' అన్న ముక్క చేరి, ఆ అంకెలు పరీక్షలోంచి వెళ్ళిపోయాయి. మగవాళ్ళ తొంభైలు, తొంభై ఒకట్లు మిగిలాయి.

వకుళ బి.ఎస్సీలో వృక్షశాస్త్రం చదివింది. గోరింట గురించి రెండు పేజీల జవాబు రాసి మార్కులు తెచ్చుకుంది కూడా. దాని వేరు ఊపిరితిత్తుల్లోకి దిగుతుందని ఏ పుస్తకంలోనూ లేదు. పైగా తన అంకె రోజూ గోడ క్యాలెండరు మీద రాసుకోవడం ఆమెకు అలవాటు. గోరింటాకుకి ముందు నాలుగు రోజులు చూసుకుంది. ఎనభై తొమ్మిది, ఎనభై ఎనిమిది, ఎనభై ఏడు, ఎనభై అయిదు. మెట్లు దిగుతున్నవాణ్ణి చివరి మెట్టు మీద చూసి, పక్కనున్న గోరింటాకు తోసిందన్నట్టుంది వీళ్ళ వరస.

*

వరండాలో నీరజ పరుగు చప్పుడు రోజూ వినిపించేది. ఈ చివర నుంచి ఆ చివరికి నలభైసార్లు. పద్దెనిమిదో రోజున ఆ చప్పుడు మధ్యలో ఆగింది. వకుళ తలుపు తీసి చూస్తే నీరజ గోడకు చెయ్యానించి వంగి దగ్గుతోంది.

"ఏంటే ఆ దగ్గు?"

"ఏం లేదక్కా. జలుబు."

"ఎన్నిసార్లు తిరిగావు?"

"పదకొండు."

"జలుబు ముక్కుకి కదా చేస్తుంది. కాళ్ళకి చేసిందా?"

నీరజ నవ్వబోయి మళ్ళీ దగ్గింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది. వకుళ ఆమెను తీసుకొచ్చి కూర్చోబెట్టి, వీపు రాసి, నెమ్మదిగా అంది.

"కిందికి దిగిపో. కాగితం మీద రాసుంది కదా, ఎప్పుడైనా దిగిపోవచ్చని."

"నేనా? పరుగులదాన్ని పెట్టి మరీ చూశారక్కా. నేనే దిగిపోతే ఈ ఇళ్ళలోకి ఎవరొస్తారు?"

"రాకపోతే మానేస్తారు."

"బావగారి నాలుగేళ్ళు అక్కా అది. ఆయన గాలి నాకు పడలేదని నేను చెప్పనా? ఆయన ముఖం ఎలా చూడను?"

బావగారి వంట బాగాలేదంటే సరిపెట్టుకోవచ్చు. బావగారి గాలి బాగాలేదని ఏ తమ్ముడి భార్యా ఇంతవరకూ అన్నట్టు లేదు. దానికి మర్యాద ఏమిటో ఎవరికీ తెలియదు. వకుళకు కూడా తెలియలేదు. అందుకని ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

విశ్వపతి గారు లేచి కుర్చీ చూపించాడు. ఆయన ఎప్పుడూ ఎవరి మాటా కొట్టిపారెయ్యడు. అదే పెద్ద చిక్కు. కొట్టిపారేస్తే తిరిగి తెచ్చుకోవచ్చు.

"గోరింటాకుదే తప్పయితే వేలు వదిలేయండి. చెవికి పెట్టి చూడండి" అంది వకుళ.

"మంచి మాట చెప్పారమ్మా" అని గ్రేసుకి సైగ చేశాడు. గ్రేసు వేరే క్లిప్పు తెచ్చి వకుళ చెవి తమ్మెకు పెట్టింది. ఎనభై మూడు.

"చూశారుగా. చెవికి గోరింటాకు పెట్టుకోలేదు."

"నిజమే. కానీ చెవి మన పత్రంలో లేదమ్మా. వేలని రాసి అనుమతి తీసుకున్నాం. ఇప్పుడు చెవి అంకె రాస్తే, తక్కినవాళ్ళ వేలి అంకెతో ఎలా పోలుస్తాం?"

"పోనీ నీరజకి స్కాను తీయండి. ఆ తోకచుక్కలేవో ఉన్నాయో లేదో తేలిపోతుంది."

"పదహారు మందికీ ఒకే రోజున తియ్యాలి. ముప్ఫయ్యో రోజు. ఒకరికి ముందే చూస్తే పక్షపాతం అంటారు. నీరజ గారు బాగానే ఉందని చెబుతున్నారు కదా. నిన్న కూడా రాసుకున్నాను."

"ఆవిడ పెళ్ళిచూపుల్లో కూడా బాగానే ఉందనే చెప్పింది. మా మరిది పాట పాడాడప్పుడు."

డాక్టరు మర్యాదగా నవ్వాడు. ఆ నవ్వు కూడా ఎక్కడా పత్రం దాటలేదు.

గుమ్మం దాకా వచ్చిన గ్రేసు గొంతు తగ్గించి, "నాను సెప్పినానమ్మా. ముందు నుంచీ తగ్గతన్నాయని సెప్పినాను. పుస్తకంలో కూడా రాసుకున్నాను. నా పుస్తకం ఎవులు సూత్తారు?" అంది.

*

ఆదివారం మధ్యాహ్నం కామేశం పప్పన్నం తిని సోఫాలో పడుకున్నాడు. నోరు తెరిచి, ఎడమ చెయ్యి కిందికి వేలాడేసి, ఈ లోకంతో సంబంధం లేకుండా నిద్రపోతున్నాడు. ఫ్రిజ్జులో గిన్నెడు గోరింటాకు మిగిలి ఉంది. వకుళ పీట వేసుకుని పక్కన కూర్చుని అతని చూపుడు వేలికీ మధ్యవేలికీ ఓపిగ్గా టోపీలు పెట్టింది. చల్లదనానికి అతను కలలో దేన్నో చూసి నవ్వాడు. గంటన్నర తర్వాత లేచి చూసుకుని నవ్వలేదు.

"ఇదేంటి? రేపు మీటింగుంది నాకు."

"బాగా పండింది. పెళ్ళాం మీద ప్రేమున్నవాళ్ళకి అలాగే పండుతుందట."

"వకుళా."

"రెండు చేతులకీ పెట్టలేదు గమనించారా? ఎడమచేతికి ఉంది, కుడిచేతికి లేదు. రేపు పొద్దున రెండిటికీ క్లిప్పు పెట్టించుకోండి. గోరింటాకు అబద్ధం చెబుతుందో లేదో మీ చేతి మీదే తేలుతుంది."

కామేశం తన వేళ్ళ వంక చూసుకున్నాడు. కోపం తెచ్చుకుందామని కూర్చున్న మనిషిలోంచి ఇంజినీరు లేచి నిలబడటం వకుళకు స్పష్టంగా కనిపించింది. "ఇది మంచి పద్ధతే" అన్నాడు చివరికి, ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు.

సోమవారం పొద్దున ఎడమచెయ్యి తొంభై. కుడిచెయ్యి తొంభై. గోరింటాకు నిర్దోషి.

సాయంత్రం కామేశం వచ్చేదాకా వకుళ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఆ గాలిలో అలా తిరగడం కూడా కష్టమే, మధ్యలో కూర్చుని తిరిగింది. అతను వచ్చి చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"చెప్పాను. విశ్వపతి గారు శ్రద్ధగా విన్నారు."

"విని?"

"ఇకనుంచి నా అంకెలు కూడా తీసేస్తారట. గోరింటాకు ఉన్న వేలి అంకె ఏదైనా తీసెయ్యాలని కంప్యూటర్లో రూలు పెట్టారు కదా. నాదొక్కటీ ఉంచితే అన్యాయం అవుతుంది."

వకుళకు మాట అనడానికి ఊపిరి కూడగట్టుకోవాల్సి వచ్చింది.

"తొంభై వచ్చినా తీసేస్తారా? సరైన అంకె వచ్చినా?"

"రూలు అంకెని చూడదు. వేలిని చూస్తుంది."

"మీకు తొంభై ఎందుకొచ్చింది, నాకు ఎనభై మూడు ఎందుకొచ్చిందని ఎవరైనా అడిగారా? నేను చెప్పనా? పొద్దున తొమ్మిదికి వెళ్ళి సాయంత్రం ఏడింటికి వస్తారు మీరు. పది గంటలు బజార్లో గాలి పీల్చుకుని, పడుకోడానికి బద్రీనాథ్ వస్తారు. మేము ఎనిమిది మందిమీ ఇరవై నాలుగు గంటలూ ఇక్కడే కాపురం. ఊడ్చేదీ తుడిచేదీ ఉతికేదీ ఇందులోనే. మీ కాగితంలో నివాసి ఒకటి, నివాసి రెండు అని ఉంది. ఆ రెండిటికీ ఎంత తేడా ఉందో ఒక్క గడిలోనైనా రాశారా?"

కామేశం ముఖంలో రంగు మారింది. లెక్క తప్పిన చోటు కనిపించినప్పటి ముఖం అది. కానీ వెంటనే దాన్ని కప్పేసుకున్నాడు.

"నువ్వన్నది నిజమే అనుకో..."

"అనుకోవడం దేనికి?"

"మూడో అంతస్తు వాళ్ళ తలుపు వేడికి తెరుచుకోలేదు వకుళా. లోపల నుంచి కొడుతున్నారు. నేను బయట ఉన్నాను. నీకు ఒకసారే చెప్పాను ఆ సంగతి. ఈ గాలి ఉండుంటే ఆ పొగే లేదు. కాస్త ఆయాసం ముఖ్యమా, ఆ చప్పుడు ముఖ్యమా?"

ఆ చప్పుడును అతను వాదనలోకి తేవడం వకుళకు మంట పుట్టించింది. నిప్పు పుట్టదన్న ఇంట్లో.

"కాస్త ఆయాసం కాదది. నీరజ దగ్గు విన్నారా?"

"ఇంకో ఆరు రోజులు. ముప్ఫయ్యో రోజున స్కాను చూస్తారు. ఆరు రోజులు ఓపిక పట్టు."

"పట్టాల్సింది నేను కాదు."

*

మర్నాడు పదకొండు గంటలకు వకుళ మజ్జిగ తీసుకుని నీరజ ఇంటికి వెళ్ళింది. గిరిధర్ పొద్దున్నే పోర్టులో డ్యూటీకి వెళ్ళిపోయాడు. నీరజ మంచం మీద నిటారుగా, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని కూర్చుంది. పెదాలు నేరేడు పళ్ళు తిన్నట్టున్నాయి. ఇంట్లో నేరేడు పళ్ళు లేవు.

"పడుకుంటే... మునిగిపోతున్నట్టుందక్కా. కూర్చుంటే... బాగానే ఉంది."

వకుళ గ్రేసుకి ఫోను చేసింది. గ్రేసు వచ్చి క్లిప్పు పెట్టి, అంకె పైకి చదవకుండా వకుళకు చూపించింది. డెబ్భై ఎనిమిది.

"లే. కిందికి పోదాం."

"రానక్కా."

"నీరజా."

"అయిదు రోజులే కదా. రాను. నన్ను... లాక్కెళ్ళకు. బావగారొచ్చి... నువ్వు నెగ్గలేదు పో అంటే... అప్పుడెళ్తాను. ఆయన అనరు కదా."

కామేశానికి ఫోను చేస్తే, కింద రెండో అంతస్తులో గృహప్రవేశాల మీటింగులో ఉన్నాడు. వస్తున్నానన్నాడు. వస్తున్నానన్న మగవాడు ఎంతసేపటికి వస్తాడో వకుళకు ఇరవై రెండేళ్ళ అనుభవం ఉంది. రాష్ట్రస్థాయి పరుగులమ్మాయిని ఎత్తుకెళ్ళే బలం ఆమెకు మామూలు గాలిలోనే లేదు. మనిషి గాలి దగ్గరికి రానంటోంది. అయితే గాలే మనిషి దగ్గరికి రావాలి.

వరండాకు రెండు చివర్లా మెట్లలోకి తీసే తలుపులున్నాయి, అగ్నిప్రమాదం వస్తే దిగడానికి. నిప్పే పుట్టని ఇంటికి అవెందుకని మొదటి రోజు అందరూ నవ్వుకున్నారు. మునిసిపాలిటీ వాళ్ళు లేకపోతే ఒప్పుకోరట. మునిసిపాలిటీని మెచ్చుకోవాల్సిన రోజు కూడా వస్తుందని వకుళ అనుకోలేదు. తూర్పు తలుపుకున్న సీలు చించి, అడ్డగడియ తోసి తెరిచింది. సముద్రం మీది గాలి ఆమెను ఒక అడుగు వెనక్కి నెట్టింది. ఇంట్లోంచి పాతిక కిలోల బియ్యం బస్తా ఈడ్చుకొచ్చి, మధ్యలో రెండుసార్లు దాని మీదే కూర్చుని, తలుపుకు అడ్డం పెట్టింది. అప్పటికి అలారం కుయ్యోమని మొదలైంది. ఆ మోతకు ఆడవాళ్ళందరూ బయటికొచ్చారు.

"ఏమైంది వదినా?" అంది మూడో ఇంటావిడ.

"ఆ చివర తలుపు తియ్యండి. మీ ఇళ్ళ తలుపులు కూడా."

"పరీక్ష పాడైపోదూ?"

"పోతుంది."

మూడో ఇంటావిడ ఒక్క క్షణం ఆలోచించి, గ్రైండరు రాయి తెచ్చి పడమటి తలుపుకు అడ్డం పెట్టింది. వరండా ఈ చివర నుంచి ఆ చివరికి గాలి రివ్వుమని దూసుకుపోయింది. నీరజను గ్రేసూ వకుళా కుర్చీలో కూర్చోబెట్టి గుమ్మం బయటికి జరిపారు. వరండాలోకి తప్ప ఇంకెక్కడికీ రానని ఆమె అక్కడ కూడా గుర్తు చేసింది.

విశ్వపతి గారూ కామేశమూ లిఫ్టు దిగేసరికి పావుగంట అయింది. వాళ్ళు దిగగానే, అలారం మోగితే ఆపెయ్యాలన్న రూలు ప్రకారం కింద ఎవరో లిఫ్టు ఆపేశారు. గోడ మీది మీటరులో పద్నాలుగు ఉండాల్సిన చోట ఇరవై ఉంది.

"తలుపులు మూయండమ్మా" అన్నాడు డాక్టరు. ఆయన గొంతు పెరగడం ఎవరూ అంతకుముందు వినలేదు. "మొత్తం చెల్లకుండా పోతుంది. ఇన్ని రోజుల పని."

"మూస్తాను. ముందు గ్రేసుని నా వేలు చూడమనండి."

గ్రేసు చూసింది. పొద్దున ఎనభై మూడు ఉన్న వేలు. తొంభై ఏడు. మూడో ఇంటావిడ తన వేలు చాపింది. తొంభై ఎనిమిది. నాలుగో ఇంటావిడ, అయిదో ఇంటావిడ. తొంభై ఏడు. తొంభై ఎనిమిది.

"వేలు అదే. క్లిప్పు అదే. గోరింటాకు మళ్ళీ పెట్టుకోలేదు, తుడుచుకోలేదు" అంది వకుళ. "మారింది గాలి ఒక్కటే. ఇది మీ పత్రంలో ఎక్కడ రాసుకుంటారో రాసుకోండి."

డాక్టరు క్లిప్పు అడిగి తీసుకుని తన వేలికి పెట్టుకున్నాడు. తొంభై ఎనిమిది. గ్రేసు పుస్తకం కోసం చెయ్యి చాచాడు. నిలబడే పాత పేజీలు తిరగేశాడు. గోరింటాకుకి ముందు నాలుగు రోజుల దగ్గర ఆయన వేలు ఆగి, ఒక్కో అంకె మీదుగా కిందికి దిగింది.

"నీరజకి చూడు గ్రేసూ" అన్నాడు కామేశం.

ఎనభై ఆరు. అందరూ చూస్తున్నారు. ఎనభై తొమ్మిది. తొంభై. తొంభై ఒకటి.

అక్కడ ఆగింది.

గాలి బాగా వీస్తోంది. నీరజ జుట్టు ముఖం మీద పడుతోంది. అయిదు నిమిషాలు గడిచాయి. తొంభై ఒకటి. కామేశం ఆమె కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు. "వేలు మార్చు" అన్నాడు. గ్రేసు మార్చింది. తొంభై ఒకటి. "ఆ చెయ్యి చూడు." తొంభై ఒకటి. "చిటికెన వేలు." అతను అలా ఒక్కొక్కటే చూపిస్తుంటే, మొరాయించిన యంత్రానికి ఒక్కో మరా విప్పి చూస్తున్నట్టుంది. పది వేళ్ళూ అయిపోయాయి.

"గోరింటాకు వల్లనేమో" అన్నాడు కామేశం.

ఎవరూ నవ్వలేదు. వకుళ నోటిదాకా వచ్చిన మాటను, జీవితంలో అరుదుగా చేసినట్టు, వెనక్కి మింగేసింది.

"కాదండీ" అన్నాడు డాక్టర్ విశ్వపతి, పుస్తకం మూసి. "గోరింటాకు కాదు. బయటి గాలికి అందరూ పైకొచ్చేశారు. ఈ అమ్మాయి రాలేకపోతోందంటే లోపల నీళ్ళున్నాయి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. తగ్గుతుంది. ముందే చూసుంటే..." అని ఆపేశాడు. ఆ వాక్యం మిగతా సగం తన పత్రంలో ఎక్కడా లేనట్టుంది.

నీరజ బావగారి వంక చూసింది. "నేను నెగ్గలేకపోయానా... బావగారూ?"

కామేశం లేచి నిలబడ్డాడు. నాలుగేళ్ళుగా ఏ తలుపు అవతల చప్పుడు వింటున్నాడో ఆ చెవులతోనే ఈ మాట విన్నాడని వకుళకు అనిపించింది.

"నువ్వు కాదమ్మా. నెగ్గనిది నా గాలి" అన్నాడు. "పద."

లిఫ్టు లేదు. మెట్లే దారి. నీరజ లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టాడు. కుర్చీ ముందుకాళ్ళు తను పట్టుకున్నాడు. ఎవరూ అడక్కుండానే విశ్వపతి గారు వెనకవైపు పట్టుకున్నాడు. ఇద్దరికీ యాభై దాటాయి. మెట్లు ఇరుకు. గ్రేసు ముందు నడుస్తూ మలుపుల దగ్గర "ఎడం పక్కకండి బాబూ" అంటోంది. వకుళ నీరజ చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాలే దిగింది.

ఆరో అంతస్తు దగ్గర మగవాళ్ళిద్దరికీ ఆయాసం వచ్చేసింది. ఆగుదామని ఇద్దరిలో ఏ ఒక్కరూ అనలేదు.